లేవనివ్వని కుర్చీ

పేకాట నైపుణ్యమా, జూదమా అన్నది కోర్టులు తేల్చే విషయం. ఆసుపత్రిలో అడిగే ప్రశ్న వేరు. 'లేచి వెళ్దామనుకున్నారు కదా, మరి లేవగలిగారా?' వారాంతాల్లో గోవా వెళ్లి గంటల తరబడి పోకర్ బల్ల ముందు కూర్చునేవారి ఒంట్లో, మెదడులో ఏం జరుగుతుందో చూద్దాం.

శుక్రవారం సాయంత్రం. ప్రగతి నగర్ చెరువు దగ్గర నడకకు వచ్చినవాళ్లు ఇళ్లకు మళ్లే వేళ. ఓ అపార్ట్‌మెంట్ ముందు క్యాబ్ ఆగింది. భుజాన చిన్న బ్యాగుతో ఓ ముప్పై ఆరేళ్ల మనిషి ఎక్కాడు. 'టీమ్ అవుటింగ్' అని ఇంట్లో చెప్పాడు. ఆ టీములో ఉన్నది ఇద్దరే, తనూ కాలేజీ నాటి స్నేహితుడూ. ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా శంషాబాద్, అక్కడి నుంచి విమానం. రాత్రికి గోవా.

ఈయన ఊహాపాత్ర. ఈ ఆట ఎలా సాగుతుందో, మనిషిని ఏం చేస్తుందో చెప్పడానికి మేం కూర్చిన నమూనా. హైటెక్ సిటీలో ఉద్యోగం, భార్య, ఐదేళ్ల పాప, ఇంటి రుణం. తాగుబోతు కాదు, దుబారా మనిషీ కాదు. లెక్కల్లో దిట్ట. మూడు ముక్కలాట ఆడేవాళ్లను చూస్తే నవ్వుతాడు కూడా. 'అది గుడ్డి జూదం. నేనాడేది బుర్రతో ఆడే ఆట' అంటాడు. ఆ మాట గుర్తుపెట్టుకోండి, దానితో మళ్లీ పని పడుతుంది.

గోవాకే ఎందుకంటే, మన దగ్గర క్యాసినోలు లేవు. తెలంగాణ ప్రభుత్వం 2017లో గేమింగ్ చట్టాన్ని సవరించి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌లను కూడా నిషేధించింది. ఆంధ్రప్రదేశ్ 2020లో అదే బాట పట్టింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ వర్తించేలా చట్టం చేయడంతో డబ్బుతో ఆడించే యాప్‌లూ ఆగిపోయాయి. గోవాలో మాత్రం 1976 నాటి జూద నిరోధక చట్టానికే 1992లో, 1996లో సవరణలు చేసి ఐదు నక్షత్రాల హోటళ్లకూ, నీటి మీది ఓడలకూ దారి వదిలారు. పణజిలో మాండోవి నది మీద దీపాలతో కనిపించే ఓడలు అవే. ఇంకో విశేషం... 2020 ఫిబ్రవరి నుంచి ఆ ఓడల్లో ఆటలాడే చోటికి గోవావాసులకు ప్రవేశం లేదు. సొంత జనానికి వద్దనుకున్న చోటికి మనవాళ్లు విమానం టికెట్ కొనుక్కుని వెళుతున్నారన్నమాట.

ముగింపు గీత లేని ఆట

శనివారం మధ్యాహ్నం పన్నెండు. ఉదయం ఎనిమిదింటికి లేచి, టిఫిన్ చేసి, చిన్న పడవలో ఓడ దగ్గరికి చేరుకున్నాడు. 50 వేల రూపాయలిచ్చి చిప్స్ తీసుకుని బల్ల ముందు కూర్చున్నాడు.

ఆట తెలియనివారి కోసం రెండు మాటలు. ఒక్కొక్కరికి రెండు ముక్కలు పంచుతారు. అవి ఎవరికీ చూపించరు. బల్ల మధ్యలో అందరికీ కలిపి ఐదు ముక్కలు తెరుస్తారు, ముందు మూడు, తర్వాత ఒకటి, చివర ఒకటి. ఈ ఏడింటిలోంచి మంచి ఐదు ఎవరికి కుదిరితే మధ్యలోని డబ్బు వారిది. మధ్యమధ్యలో పందెం పెంచుకుంటూ పోవచ్చు, లేదా ముక్కలు పడేసి తప్పుకోవచ్చు. ఎదుటివాళ్లందరూ భయపడి తప్పుకుంటే చెత్త ముక్కలతోనూ గెలవొచ్చు. అందుకే ఇందులో బుర్రకు పని ఉంది. కాదనలేం.

ఇందులో రెండు రకాలు. టోర్నమెంట్ అయితే ఒకసారి రుసుము కట్టాక చిప్స్ అయిపోతే ఇంటికే. పోయేది ఎంతో ముందే తెలుసు, ఆట ఎప్పుడో ఒకప్పుడు ముగుస్తుంది. క్యాష్ గేమ్ అలా కాదు. చిప్ అంటే నోటే. ఎప్పుడైనా లేచి వెళ్లి మార్చుకోవచ్చు. అయిపోతే మళ్లీ కొనుక్కోవచ్చు. వినడానికి ఇదే మేలనిపిస్తుంది. కానీ 'ఎప్పుడైనా లేవొచ్చు' అనే ఆటలో 'ఇప్పుడు లేవాలి' అని చెప్పేవారెవరూ ఉండరు. సినిమాకు శుభం కార్డు పడుతుంది, క్రికెట్‌కు ఓవర్లు అయిపోతాయి. ఇక్కడ ఆ గీత మనమే గీసుకోవాలి. దాన్ని గీయాల్సిన మెదడు అప్పటికి ఏ స్థితిలో ఉందన్నదే అసలు ప్రశ్న.

ఇంకో సంగతి చాలామంది లెక్కలోకి తీసుకోరు. పోకర్‌లో ఆటగాళ్లు ఒకరితో ఒకరు ఆడతారు, క్యాసినోతో కాదు. మరి క్యాసినోకు ఏం మిగులుతుంది? గెలిచిన ప్రతి పెద్ద మొత్తంలోంచి కొంత కోసుకుంటుంది. దాన్ని రేక్ అంటారు. ఉదాహరణకు సగటున ఒక్కో హ్యాండ్‌కు 300 రూపాయలు కోశారనుకుందాం. గంటకు పాతిక హ్యాండ్లంటే 7,500. బల్ల చుట్టూ తొమ్మిది మంది ఉంటే తలా దాదాపు 830. పద్నాలుగు గంటలు కూర్చుంటే తలా 11 వేలకు పైనే. ఇది ఎవరూ ఓడింది కాదు, ఎవరూ గెలిచిందీ కాదు, బల్ల మీంచి మాయమైంది. మిగతావారికంటే కాస్త బాగా ఆడితే సరిపోదు, ఈ కోత దాటేంత బాగా ఆడాలి. ఎంత సేపు కూర్చుంటే కోత అంత పెరుగుతుంది. అందుకే లోపల గడియారం కనిపించదు, కిటికీ కనిపించదు. ప్రవేశ రుసుములోనే తిండీ, మద్యమూ కలిసి ఉండే ప్యాకేజీలు ఉంటాయి. ఆకలేసి లేవాల్సిన అవసరం కూడా లేదు.

సాయంత్రం ఐదింటికి మనవాడి ముందు 92 వేల చిప్స్ ఉన్నాయి. ఐదు గంటల్లో 42 వేల లాభం. స్నేహితుడు భుజం తట్టాడు. 'లేద్దామా?' అనుకున్నాడు. 'ఇంకొక్క గంట' అనుకున్నాడు.

పోయినచోటే వెతుక్కోవాలని...

రాత్రి పది దాటింది. చేతిలో రెండు ఆసులు. ఆటలో అంతకంటే మంచి జత లేదు. ఎదుటి మనిషి దగ్గర చిన్న జత. ఇద్దరూ పెద్ద మొత్తాలు పెట్టేశారు. ఇలాంటి చోట ఆసుల జత ఐదుసార్లలో దాదాపు నాలుగుసార్లు గెలుస్తుంది. ఇది ఐదోసారి. ఆఖరి ముక్కతో ఎదుటివాడికి మూడు ఒకే రకం కుదిరాయి. 60 వేలకు పైగా బల్ల అవతలికి జరిగిపోయాయి.

మనవాడు తప్పు చేయలేదు. సరిగ్గా ఆడి ఓడాడు. పోకర్‌లో మనసును విరిచేసేది ఇదే. గెలిస్తే 'నా తెలివి', ఓడితే 'నా దురదృష్టం'. ఒక్క రాత్రి ఫలితం నైపుణ్యం గురించి చెప్పేది చాలా తక్కువ. వేల హ్యాండ్లు ఆడి లెక్క రాసుకుంటే తప్ప నిజంగా బాగా ఆడుతున్నామా లేదా అన్నది తేలదు. లెక్కల్లో దిట్ట అయిన మనిషికి ఇది తెలుసు. కానీ ఆ క్షణంలో లెక్క చేస్తున్నది మెదడులోని ఆ భాగం కాదు.

పోకర్ ఆడేవాళ్లు దీనికి 'టిల్ట్' అని పేరు పెట్టుకున్నారు. పాత పిన్‌బాల్ యంత్రాన్ని కోపంతో గట్టిగా కుదిపితే అది 'టిల్ట్' అని చూపించి ఆగిపోయేది. ఆ మాటే ఇక్కడికి వచ్చింది. గుండె దడ, ముఖంలో వేడి, వెంటనే తిరిగి లాక్కోవాలనే ఆత్రం. మామూలుగా అయితే పడేసే ముక్కలతో పందెం కాస్తారు. 1979లో డానియల్ కానెమన్, ఆమోస్ ట్వెర్‌స్కీ అనే మనస్తత్వవేత్తలు చూపిన విషయం ఇక్కడ అతికినట్టు సరిపోతుంది. వంద రూపాయలు వచ్చిన సంతోషం కంటే వంద పోయిన బాధ ఎక్కువ. వారే తర్వాత వేసిన లెక్కలో అది సుమారు రెండింతలు. నష్టంలో ఉన్న మనిషి ఆ బాధ తీరేందుకు, లాభంలో ఉంటే ఎన్నడూ తీసుకోని ముప్పు తీసుకుంటాడు. 'మామా, పోయినచోటే వెతుక్కోవాలిరా' అన్నాడు స్నేహితుడు. మన ఊళ్లలో ఎన్నో ఇళ్లు ముంచిన సామెత అది. సభలో సర్వం ఒడ్డి ఓడి, ధృతరాష్ట్రుడు అంతా తిరిగి ఇచ్చేశాక కూడా ధర్మరాజు రెండోసారి పిలవగానే వెళ్లి కూర్చున్నాడు. ఆయనకు ధర్మం తెలియక కాదు.

పదకొండింటికి మొదటి 50 వేలూ అయిపోయాయి. ఇంకో 50 వేలు తీసుకున్నాడు. పదకొండున్నరకు ఫోన్ వెలిగింది. 'పడుకున్నావా? పాప ఇందాకటిదాకా నిన్నే అడిగింది.' 'డిన్నర్‌లో ఉన్నా, నువ్వు పడుకో' అని కొట్టాడు.

మెదడులో డోపమైన్ అనే రసాయనం గురించి మీరు వినే ఉంటారు. అది గెలిచినప్పుడు వచ్చే ఆనందమని చాలామంది అనుకుంటారు. సంగతి అంత సూటిగా లేదు. 2003లో కోతులపై చేసిన ఒక పరిశోధనలో, బహుమానం వచ్చే అవకాశం సరిగ్గా సగం సగం ఉన్నప్పుడు, ఫలితం కోసం ఎదురుచూస్తున్న ఆ కాస్త సేపట్లో డోపమైన్ కణాలు అన్నిటికంటే ఎక్కువగా స్పందించాయి. తప్పక వస్తుందని తెలిస్తే ఆ స్పందన లేదు, రాదని తెలిసినా లేదు. పోకర్‌లో ఆఖరి ముక్క తిరగబోయే క్షణం సరిగ్గా ఇలాంటిదే. గంటకు పాతికసార్లు.

నిద్ర లేని మెదడు, తాగని తాగుడు

రాత్రి ఒంటిగంట. మనవాడు మేల్కొని పదిహేడు గంటలు. మద్యం ముట్టలేదనే అనుకుందాం.

2000లో ఆస్ట్రేలియా పరిశోధకులు విలియమ్సన్, ఫేయర్ ఓ పోలిక కట్టారు. 17 నుంచి 19 గంటలు నిద్ర లేకుండా ఉన్నవారి చురుకుదనం, కొన్ని పరీక్షల్లో, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవారితో సమానంగానో, ఇంకా తక్కువగానో ఉంది. మన దగ్గర 0.03 శాతం, అంటే వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే డ్రంకెన్ డ్రైవ్ కేసు. శనివారం రాత్రి జేఎన్‌టీయూ చౌరస్తాలో బ్రీత్ ఎనలైజర్ పెడితే బండి నడపడానికి పనికిరాని మెదడుతో, లక్ష రూపాయల నిర్ణయాలు జరుగుతున్నాయన్నమాట. నిద్ర తగ్గితే నిర్ణయం నెమ్మదించడమే కాదు, దిశ కూడా మారుతుందని 2011లో వచ్చిన మరో అధ్యయనం చూపింది. ఒక రాత్రి నిద్ర మానిన ఆరోగ్యవంతులు నష్టం తగ్గించుకోవడం వదిలేసి, పెద్ద లాభం వెంట పడటానికి మొగ్గారు. వారికి నష్టం నొప్పి కూడా మొద్దుబారింది.

'నేనాడేది బుర్రతో ఆడే ఆట' అన్న మాటతో ఇక్కడే పని పడింది. ఆట నైపుణ్యానిదే కావచ్చు. మధ్యాహ్నం పన్నెండింటికి బల్ల ముందు కూర్చున్న మనిషికి ఆ నైపుణ్యం ఉండొచ్చు. అర్ధరాత్రి దాటాక అదే కుర్చీలో ఉన్నది ఆ మనిషి కాదు. అప్పుడే నిద్ర లేచి వచ్చి కూర్చున్న కొత్త ఆటగాడికి ఆయనే సులువైన సంపాదన.

ఇక ఒళ్లు. కూర్చుంటే కాళ్లలో రక్తం నిలుస్తుంది. పిక్క కండరం కదిలినప్పుడే అది సిరల్లోంచి రక్తాన్ని పైకి నెడుతుంది. నాలుగు గంటలు, ఆపైన కదలకుండా కూర్చుని చేసే ప్రయాణాలతో కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు సుమారు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లోనే చెప్పింది. విమానంలో అయినా, బస్సులో అయినా అంతే. 2003లో న్యూజిలాండ్ వైద్యులు, రోజంతా కంప్యూటర్ ముందు గడిపే ఓ 32 ఏళ్ల యువకుడికి కాలిలో గడ్డ ఏర్పడి ఊపిరితిత్తులకు చేరిన ఉదంతాన్ని నమోదు చేశారు. వారమంతా స్క్రీన్ ముందు, శని ఆదివారాలు బల్ల ముందు కూర్చునే మనిషికి అది పరాయి కథ కాదు. ఒక్క పిక్కలోనే వాపు, నొప్పి, వేడి ఉంటే 'కాలు పట్టేసిందిలే' అని వదిలేయకూడదు. దానికి తోడు ఆయాసం, ఛాతీలో నొప్పి ఉంటే క్షణం ఆలస్యం చేయకుండా అత్యవసర విభాగానికి వెళ్లాలి. మద్యం, కాఫీ పుచ్చుకుంటూ నీళ్లు మరచిపోవడం, మూత్రం ఆపుకోవడం ఈ ఇబ్బందుల్ని పెంచేవే. రక్తపోటు, మధుమేహం మాత్రలు వేళకు వేసుకోకపోవడం మరో తంటా.

గుండె సంగతి అమెరికా క్యాసినోలకు బాగా తెలుసు. అక్కడి భద్రతా సిబ్బందికి గుండె ఆగినప్పుడు షాక్ ఇచ్చే పరికరం వాడటం నేర్పి, ఫలితాలను 2000లో ఓ ప్రముఖ వైద్య పత్రికలో ప్రచురించారు. లయ తప్పి కుప్పకూలినవారిలో 53 శాతం మంది ప్రాణాలతో ఇంటికెళ్లారు. కూలిన మూడు నిమిషాల్లోపే షాక్ అందినవారిలో అది 74 శాతం. ఇది మెచ్చుకోవాల్సిన పనే. మన మాల్స్‌లో, ఆఫీసుల్లో ఆ పెట్టె ఎక్కడుందో ఎంతమందికి తెలుసో అడిగి చూడండి.

తెల్లవారుజామున రెండింటికి రెండో 50 వేలూ పోయాయి. క్రెడిట్ కార్డు తీసి ఇంకో 60 వేలు తెచ్చాడు. ఐదింటికి అవీ అయిపోయాయి. మొత్తం లక్షా అరవై వేలు. పడవ దిగి, అద్దె స్కూటర్ తాళం తిప్పాడు. ఇరవై ఒక్క గంటల మెలకువతో. నిజం చెప్పాలంటే ఆ రోజు మొత్తంలో అతను కాసిన అతి పెద్ద పందెం అదే.

రెండే ప్రశ్నలు

కోర్టుల సంగతికి వస్తే, అందులో మన సికింద్రాబాద్‌కూ చోటుంది. అక్కడి ఓ క్లబ్బులో రమ్మీ ఆడుతున్నవారిపై పెట్టిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రమ్మీలో ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది పడేయాలో తెలియాలి కాబట్టి అది ప్రధానంగా నైపుణ్యం ఆట, మూడు ముక్కలాట లాంటిది కాదు అని 1967 నవంబరులో కోర్టు తేల్చింది. నైపుణ్యం గురించి వాదన వచ్చిన ప్రతిచోటా ఆ తీర్పును నేటికీ ఉటంకిస్తారు.

వైద్యానికి ఈ తేడాతో పెద్దగా పనిలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల జాబితాలో 'గ్యాంబ్లింగ్ డిజార్డర్' వ్యసనాల వరసలోనే ఉంది. అమెరికా మానసిక వైద్యులు కూడా 2013లో దాన్ని మద్యం, మాదకద్రవ్యాల పక్కకు చేర్చారు. చూసేది మూడు విషయాలు. ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎప్పుడు ఆపాలో చేతిలో లేకపోవడం. మిగతా పనులన్నిటికంటే ఆట ముందుకు రావడం. నష్టం కళ్లెదుట కనిపిస్తున్నా ఆపలేకపోవడం. ఏడాదికి ఒకసారి స్నేహితులతో సరదాగా వెళ్లి, అనుకున్నంతే పోగొట్టుకుని వచ్చేవారికి ఈ జబ్బు ఉన్నట్టు కాదు. అందరినీ ఒకే గాటన కట్టడం వల్ల నిజంగా సాయం కావాల్సినవారు సిగ్గుతో ఇంకా దాక్కుంటారు.

తొలి పరీక్షగా వైద్యులు వాడే చిన్న పద్ధతి ఒకటుంది. రెండే ప్రశ్నలు. పందెం మొత్తం పెంచుకుంటూ పోవాలని ఎప్పుడైనా అనిపించిందా? ఎంత ఆడారన్నది మీకు ముఖ్యమైనవారి దగ్గర దాచి అబద్ధం చెప్పాల్సి వచ్చిందా? ఒక్కదానికి 'అవును' అన్నా నిపుణులతో మాట్లాడటం మంచిది. మన ప్రగతి నగర్ మనిషికి రెండో ప్రశ్న శుక్రవారం సాయంత్రమే, క్యాబ్ ఎక్కకముందే తగిలింది.

ఇక్కడ అంతగా ప్రచారంలో లేని ఓ విషయం. పార్కిన్సన్స్‌కు వాడే ప్రమిపెక్సోల్, రోపినిరోల్ వంటి మందులతో కొందరిలో జూదంపై అదుపులేని కోరిక పుడుతుంది. మానసిక సమస్యలకు ఇచ్చే అరిపిప్రజోల్ విషయంలోనూ అమెరికా ఔషధ సంస్థ 2016లో ఇలాంటి హెచ్చరికే చేసింది. ఏనాడూ ముక్క ముట్టని నాన్నగారు మందు మొదలుపెట్టాక లాటరీల వెంట పడితే తిట్టకండి, డాక్టరుకు చెప్పండి. సొంతంగా మందు ఆపేయడం మాత్రం ప్రమాదం.

సోమవారం

ఇంట్లోవాళ్లకు ఆట కనిపించదు. మద్యంలా వాసన రాదు. కనిపించేవి వేరే. కార్డు బిల్లు ఈసారి ఈ-మెయిల్‌కే ఎందుకు వస్తోంది? లోన్ యాప్ నుంచి ఆ మెసేజ్ ఏమిటి? బాత్రూంలోకీ ఫోన్ ఎందుకు? ఆదివారం రాత్రి వచ్చి పాపతో కూడా మాట్లాడకుండా పడుకోవడం, సోమవారం చిన్నమాటకే విసుక్కోవడం.

తెలిసిన వెంటనే చాలా ఇళ్లలో జరిగేది రెండిట్లో ఒకటి. గొడవ, లేదా బంగారం అమ్మి అప్పు కట్టేయడం. రెండోది ప్రేమతో చేసేదే. కానీ చికిత్స మొదలవకుండా అప్పు మొత్తం తీర్చేస్తే చాలాసార్లు కొత్త పందేనికి చోటు దొరికినట్టే అవుతుంది. దానికంటే ముందు అప్పుల జాబితా మొత్తం ఒక కాగితం మీద రాయించాలి. జీతం ఖాతా, కార్డులు కొంతకాలం మరొకరి చేతిలో ఉండాలి. కార్డు పరిమితి తగ్గించుకోవాలి. కోరిక వచ్చిన క్షణానికీ డబ్బు చేతికి అందే క్షణానికీ మధ్య ఎంత దూరం పెడితే అంత మేలు. చాలామందిలో ఆ కోరిక అల లాంటిది, కాసేపు ఆగితే తగ్గుతుంది.

చికిత్సలో ప్రధానమైనది కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ. 'ఇంతసేపు పోయింది కాబట్టి ఇక వస్తుంది' వంటి ఆలోచనల్ని పట్టుకుని, విప్పి చూపించే పద్ధతి అది. లెక్కలు తెలిసినవారు కూడా తమ ఆలోచనల్ని కాగితం మీద చూసుకుని ఆశ్చర్యపోతుంటారు. కొందరికి నాల్ట్రెక్సోన్ వంటి మందులు ఉపయోగపడతాయి. వెనక కుంగుబాటు, మద్యం, ఆందోళన ఉంటే వాటికీ వైద్యం కావాలి. ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక చికిత్సాలయంలోనూ, పెద్ద ఆసుపత్రుల మానసిక వైద్య విభాగాల్లోనూ చూపించుకోవచ్చు. మానేశాక ఒకసారి మళ్లీ ఆడితే అంతా వృథా అయినట్టు కాదు. ఇతర వ్యసనాల్లోలాగే ఇందులోనూ జారడం మామూలే.

జూదంతో నష్టపోయినవారిలో ఆత్మహత్య ఆలోచనలు ఎక్కువ. అప్పు కంటే అది ఇంట్లో బయటపడుతుందన్న భయమే చాలామందిని నలిపేస్తుంది. 'నేను లేకపోతేనే మీకు మేలు' లాంటి మాట వింటే తేలిగ్గా తీసుకోవద్దు. సూటిగా అడగండి, ఒంటరిగా వదలకండి. కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ సేవ 14416 నంబరులో 24 గంటలూ ఉచితంగా, తెలుగులో అందుతుంది. 1800-891-4416కూ ఫోన్ చేయొచ్చు. ఆడే మనిషే మాట్లాడాలని లేదు. భార్య, అమ్మ, స్నేహితుడు ఎవరైనా చేయొచ్చు.

సోమవారం ఉదయం ఎనిమిదిన్నర. పాపకు బూట్లు తొడుగుతూ ఆమె అడిగింది. 'అవుటింగ్ ఎలా అయింది?' లేసు కట్టడానికి వంగినవాడు కాసేపు తల ఎత్తలేదు. 'నీతో ఒక విషయం చెప్పాలి. పాపను బస్సెక్కించి రా' అన్నాడు.